దెబోరా బాగుందండి

తబిత తన పిల్లికి దెబోరా అని పేరు పెట్టినప్పుడు సంఘంలో ఒకరిద్దరు మొహం చిట్లించారు. బైబిల్లో దెబోరా అంటే న్యాయాధిపతి, జనం తగువులు తీర్చిన మనిషి, ఆ పేరు పిల్లికా అని వాళ్ళ బాధ. వాళ్ళకేం తెలుసు? పదహారేళ్ళ కిందట కోతపండుగనాడు, ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో కానుకల వేలం జరుగుతుంటే, ఎవరో తెచ్చిన గుమ్మడికాయల బుట్టలోంచి గుప్పెడంత పిల్లికూన బయటికొచ్చింది. కానుకతో పాటు వచ్చింది కనక దాన్నీ పాట పెట్టాల్సిందేనని పెద్దలు తేల్చారు. కోళ్ళకీ అరటిగెలలకీ ఎగబడి పాడినవాళ్ళంతా పిల్లి దగ్గరికొచ్చేసరికి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. తబిత ఒక్కతే చెయ్యెత్తింది. ఒంటిమనిషి, రాజమండ్రిలో రెండు గదుల వాటా, మిషన్ స్కూల్లో టీచరు ఉద్యోగం. ఇంటికొచ్చిన వారంలోనే ఆ కూన ఏ కుర్చీ ఎవరిదో, ఎవరు ఎక్కడ పడుకోవాలో తీర్పు చెప్పేసింది. ఇక ఆ పేరు కాక ఇంకేం పెడతారు?

పదమూడేళ్ళు హాయిగా రాజ్యం చేసింది. ఆ తర్వాత దాని కిడ్నీలు చిక్కిపోయాయి. దానికి తోడు మూత్రంలో ఇన్ఫెక్షన్ పట్టుకుంది. మందు వేస్తే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఇసుక ట్రేలో కూర్చుని చుక్కచుక్కగా పోస్తూ సన్నగా ఏడుస్తుంది. ఆ ఏడుపు వినని మనిషికి ఎంత చెప్పినా అర్థం కాదు. పొద్దున్న ఆరింటికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదింటికి ఇంకో మాత్ర, సాయంత్రం నాలుగింటికి మెడ వెనక చర్మం కిందికి సెలైను. చర్మం పట్టి లేవనెత్తి సూది గుచ్చాలి, సీసాని కిటికీ ఊచకి కట్టాలి, దిగేదాకా ఇరవై నిమిషాలు పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. ఇంకెవరు సూది పట్టుకున్నా అది మంచం కిందికి దూరిపోతుంది.

దాంతో మూడేళ్ళుగా తబిత ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. తమ్ముడు విజయ్ పాల్ కొడుకు పెళ్ళి కాకినాడలో అయితే, పొద్దున్న బస్సులో వెళ్ళి, ప్రమాణాలు విని, విందుకి కూర్చోకుండా నాలుగింటికల్లా ఇంట్లో ఉంది. ఆ తమ్ముడు ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. బడిలో సాయంత్రం మీటింగు పెడితే ఆమెకి చెమటలు పట్టేవి. ఒక్కోసారి పిల్లి పోతే బాగుండునని కూడా అనిపించేది. అనిపించిన మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయేది, పరుగున ఇంటికొచ్చి దాని తల ముద్దు పెట్టుకునేది. ప్రేమా విసుగూ ఒకే గదిలో కాపురం చేస్తే ఎలా ఉంటుందో తబితని అడగాలి.

ఇంతవరకూ అది ఆమె ఇంటి గొడవ. దాన్ని సంఘం మీదికి తెచ్చుకున్నది మాత్రం తన నోటితోనే. కిందటి ఆగస్టులో దెబోరా ఐదు రోజులు ముద్ద ముట్టలేదు. పశువుల ఆసుపత్రిలో డాక్టరు శ్రీసుధ గారు, రెండు గేదెల మధ్యలో తీరిక చేసుకుని చూసి, ఆశ పెట్టుకోవద్దని చెప్పారు. తబిత ఆ రాత్రంతా మోకాళ్ళ మీద ఉంది. ఆరో రోజు పొద్దున్నే పిల్లి లేచి, చేపముక్క తిని, తన కుర్చీ ఎక్కి కూర్చుంది. సంతోషం పట్టలేక తబిత ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్ళు లేచి నలుగురి ముందూ చెప్పడం మన చర్చిల్లో మామూలే. ఉద్యోగమొచ్చిందంటారు, జ్వరం తగ్గిందంటారు. పిల్లికి కిడ్నీలు బాగయ్యాయని చెప్పినవాళ్ళు మాత్రం అంతకుముందు లేరు. పాస్టరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక బెంచీల్లో ఎవరో అవసరం లేని దగ్గు దగ్గారు. ఇంకో పది రోజులు ఆగి ఉంటే తబిత ఆ సాక్ష్యం చెప్పేదే కాదు.

నవ్వనిది ఒక్క సంపూర్ణమ్మ గారు. ఆవిడ సంఘపెద్ద జయపాల్ గారి భార్య, రిటైరైన హెడ్మిస్ట్రెస్. తబితకి ఉద్యోగం ఇప్పించి, ఇరవై రెండేళ్ళు తన కింద పనిచేయించుకుని, పాఠం రాసుకునే పుస్తకం దగ్గర్నుంచి చీర కుచ్చిళ్ళ దాకా సరిదిద్దిన మనిషి. రెండేళ్ళుగా ఆవిడ కిడ్నీలు పనిచెయ్యడం లేదు. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. ఆ ఆదివారం చర్చి గుమ్మంలో తబిత చెయ్యి పట్టుకున్నారు.

"నీ పిల్లికీ నాకూ ఒకటే జబ్బు కదా తబితా. దాన్ని బాగుచేసినవాడు నన్ను చెయ్యడా?"

తబిత ఏమనగలదు? చేస్తాడండి అంది. సాక్ష్యం చెప్పిన తొమ్మిదో రోజున ట్రేలో నెత్తురు కనిపించింది.

ఆ వచ్చిన ఆదివారం సంపూర్ణమ్మ గారు పిల్లి ఎలా ఉందని అడిగారు. తబిత తెల్లచీర కట్టుకుని, చేత్తో బైబిలు పట్టుకుని, బాగుందండి అంది. ఒక వారం బాగుందన్నాక మరుసటి వారం లేదనడం ఎలా? పైగా అడిగే మనిషి కళ్ళు చూస్తే నిజం గొంతు దాటేది కాదు. మెల్లగా డయాలసిస్ మంచం మీంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇవాళ దెబోరా ఏం తింది, ఎంత తింది, కిటికీ ఎక్కిందా అని. తబిత కల్పించి చెప్పేది. అరముక్క తింటే రెండు ముక్కలనేది, అసలు తినకపోతే కొర్రమీను కోసం గోల పెట్టిందనేది. హోంవర్కు మర్చిపోయి అబద్ధమాడిన పిల్లల్ని అరగంట నిలబెట్టే మనిషి, ఇప్పుడు తన అబద్ధాలకి పొంతన తప్పకుండా ఏ రోజు ఏం చెప్పిందో క్యాలెండరు మీద రాసిపెట్టుకునే స్థితికొచ్చింది.

ఒకరోజు జయపాల్ గారు ఫోన్ చేసి మరీ వందనాలు చెప్పారు. మీ పిల్లి తిందని వింటేగాని మా ఆవిడ ఇడ్లీ ముట్టడం లేదండి, డయాలసిస్ మానేస్తానన్న మనిషి దాని సంగతి విన్నాకే మళ్ళీ వెళ్తోందండి అన్నారాయన. వార్డులో పక్క మంచాలవాళ్ళు కూడా పిల్లి క్షేమం కనుక్కుంటున్నారట. ఫోన్ పెట్టేసి తబిత వంటింట్లో నేల మీద కూలబడింది. ఇన్నాళ్ళూ పిల్లి తనని ఇంటికి కట్టేసిందనుకుంది. ఇప్పుడు తనే పిల్లిని కట్టేసింది. పోవడానికి దానికి వీల్లేదు, పంపడానికి తనకి వీల్లేదు.

నవంబరులో మూత్రం పరీక్ష రిపోర్టు వచ్చింది. ఆ ఇన్ఫెక్షన్ ఇక ఏ మందుకీ లొంగదని అందులో ఉంది. శ్రీసుధ గారిది చిన్నవయసు, తబిత దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లల ఈడు. అయినా నాన్చకుండా చెప్పారు.

"ఇంక ఇవ్వడానికి నా దగ్గర మందు లేదండి. మీరు గుచ్చే సూది వల్ల అది బతకట్లేదు, నొప్పి పొడుగవుతోంది అంతే. ఇంజక్షనిచ్చి నిద్రపుచ్చేద్దామండి."

ఆలోచించి చెబుతానంది తబిత. రెండు వారాలు ఆలోచించింది. ఆ రెండు వారాలూ నాలుగింటికి సూది గుచ్చుతూనే ఉంది. లేవనెత్తిన చర్మం మళ్ళీ కిందికి సర్దుకునేది కాదు, సెలైను లోపలికి పోక బొచ్చు మీంచి ఆమె చీర మీదికి కారేది. దెబోరా పెనుగులాడడం కూడా మానేసింది. తబితకి అదే భరించరానిదయింది. గోళ్ళతో రక్కినా బాగుండుననుకునేది.

ఒక గురువారం ఆమె బడి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. జయపాల్ గారు భార్యని చెయ్యి పట్టుకుని దించుతున్నారు. దెబోరాని కళ్ళారా చూడాలని వారం రోజులుగా ఒకటే గోలండి అన్నారు.  వద్దనడానికి తబితకి ఒక్క సాకూ తోచలేదు. హెడ్మిస్ట్రెస్ తనిఖీకి వస్తే తరగతి తలుపు ఎవరు మూస్తారు?

పిల్లి మంచం పక్కన గోనెపట్టా మీద పడుంది. సంపూర్ణమ్మ గారు కుర్చీలో కూర్చుని ఒళ్ళోకి ఇమ్మన్నారు. వీపు నిమిరితే ఎముకలు తగిలాయి. మెడ వెనక, సూదులు గుచ్చి గుచ్చి గట్టిపడ్డ చోటు తగిలింది. ఆవిడ ఎడమచేతి మీద కూడా అలాంటి బుడిపెలే ఉన్నాయి. వంగి దాని నోటి దగ్గర వాసన చూశారు. కిడ్నీలు పోయినవాళ్ళ నోట్లో వచ్చే ఆ వాసన ఆవిడకి తెలుసు. భర్తని వరండాలో కూర్చోమని పంపించారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"సాక్ష్యం చెప్పిన తొమ్మిదో రోజు నుంచండి."

"మరి చేపముక్కలు?"

"అబద్ధమండి."

చెప్పేశాక తబితకి ఊపిరాడింది. తిడతారనుకుంది, తిడితే బాగుండుననుకుంది. డాక్టరు గారు ఇస్తానన్న ఇంజక్షన్ సంగతి కూడా చెప్పేసింది. ఇక దాన్ని వదిలెయ్యమ్మా అని ఆవిడ నోటితో ఒక్కమాట అంటే రేపే తీసుకెళ్ళొచ్చని ఆశపడింది. సంపూర్ణమ్మ గారు పిల్లి చెవుల మధ్య వేలితో నిమిరారు.

"నాకంటే ముందు దాన్ని పంపకు తబితా," అన్నారు.

అందులో ఆజ్ఞ లేదు. తబిత అన్నేళ్ళు విని భయపడిన గొంతు కాదది, భయపడిపోయిన ఒక పెద్దావిడ బతిమాలుతున్న గొంతు. అలాగేనండి అంది తబిత. ఆ ఇరవై రెండేళ్ళూ ఆవిడకి ఆమె చెప్పిన జవాబు అదొక్కటే, అలవాటు కొద్దీ వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి మాత్ర వెయ్యడానికి లేస్తే దెబోరా ట్రేలో ఉంది. లోపలికి వెళ్ళగలిగింది, బయటికి రాలేకపోయింది. తడిసిన ఇసుకలో పక్కకి ఒరిగిపోయి, ఏడవడానికి నోరు తెరుస్తోంది, గొంతు రావడం లేదు. తబిత దాన్ని ఎత్తి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, మాత్ర చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు దాని దవడలు విడదియ్యాలి, మాత్ర లోపలికి తొయ్యాలి, మింగేదాకా గొంతు నిమరాలి. ఇదంతా ఎవరి కోసం? మూడేళ్ళలో ఆమె తనని తాను ఈ మాట అడగలేదు, అడగడానికి తీరిక దొరకలేదు. మాట ఇచ్చింది తను. ఆ మాటని మోస్తున్నది ఈ మూగప్రాణం. ఎంత సిగ్గులేని పని చేస్తున్నానని తబితకి తన మీద తనకే అసహ్యం వేసింది. మాత్ర కిటికీలోంచి పారేసింది.

బడికి సెలవు చెప్పి, పిల్లిని తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళింది. శ్రీసుధ గారు ఇంజక్షన్ సిద్ధం చేశారు. బయట ఒక గేదె అరుస్తోంది, దాన్ని తోలుకొచ్చినాయన విసుక్కుంటున్నాడు. దెబోరా తల తబిత అరచేతిలో ఉంది. కాసేపటికి ఆ తల కొంచెం బరువెక్కింది, అంతే. ఏడుస్తాననుకున్న తబిత ఏడవలేదు, డాక్టరు గారే కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఇంటికొచ్చేసరికి పక్కవాటా లోవమ్మ పెరట్లో కరివేపాకు మొక్క పక్కన గొయ్యి తీసిపెట్టింది.

నాలుగయింది. తబిత చేతులకి పని లేదు. శుక్రవారం కనక కాసేపట్లో ఫోన్ వస్తుంది. బాగుందండి అనడం ఎంతసేపు? సంపూర్ణమ్మ గారు ఉన్నన్నాళ్ళూ అదే మాట అనొచ్చు. బతికున్న పిల్లి గురించి అబద్ధం చెప్పడం కంటే లేని పిల్లి గురించి చెప్పడం సులువు, ఇంట్లో ఎదురుగా కూర్చుని అది చూడదు కూడా. ఆ లెక్క తను వేస్తోందని తెలిసి తబిత గబుక్కున లేచింది. ఫోన్ మోగకముందే చెప్పులేసుకుని ఆటో ఎక్కింది.

డయాలసిస్ వార్డులో సంపూర్ణమ్మ గారిది కిటికీ పక్క మంచం. ఎడమచేతికి గొట్టాలున్నాయి. తబితని చూసి ఆవిడ మొహం విప్పారింది, ఆ వెంటనే వాడిపోయింది.

"పంపేశానండి," అంది తబిత.

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకున్నారు. మిషను గరగరమని తిరుగుతోంది. పక్క మంచం మీదున్న రత్నమాణిక్యం గారు పిల్లి సంగతి అడగబోయి, ఇద్దరి వాలకం చూసి మానుకున్నారు. సంపూర్ణమ్మ గారు గోడకే చెప్పినట్టు అన్నారు.

"నేను అడిగాను కదా."

"అడిగారండి."

"అలాగేనన్నావు."

"అన్నానండి. దానికి నొప్పిగా ఉందండి టీచరుగారూ."

"నాకూ నొప్పిగానే ఉంది."

 తబిత క్షమించమని అడగబోయి ఆగిపోయింది, చేసినది తప్పని ఆమెకి అనిపించలేదు. ఉండాలో వెళ్ళాలో తెలియక అలాగే నిలబడింది. గుమ్మం పది అడుగుల దూరంలో ఉంది. ఇవాళ ఎటు పోయినా, ఎప్పుడు తిరిగొచ్చినా అడిగే ప్రాణి లేదు. మూడేళ్ళుగా కోరుకున్న సంగతే, తీరా చేతికొస్తే దుఃఖం ముంచుకొచ్చింది.

"ఇంకా రెండు గంటలుంది. కుర్చీ లాక్కో," అన్నారు సంపూర్ణమ్మ గారు.

తబిత కూర్చుంది. గొట్టాల్లేని కుడిచెయ్యి దుప్పటిలోంచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"భయపడిందా?"

"లేదండి. నా చేతిలో తల పెట్టుకునే ఉంది."

సంపూర్ణమ్మ గారు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుంది తబిత. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే, సాయంత్రాలు నీకిక ఖాళీయే కదా అని అడిగారు. ఖాళీయేనండి అంది. మంగళవారం కూడా రమ్మన్నారు, తబిత వస్తానంది. ఆ చెయ్యి మాత్రం పట్టు వదల్లేదు. తబిత మణికట్టు తిమ్మిరెక్కింది, అయినా రెండు గంటలూ కదపకుండా కూర్చుంది.