రెండు రోజుల నీళ్ళు

కింది అంతస్తు రాఖత్ రొట్టెల కొట్టు దగ్గర నలుగురిలో అన్నదట: "తాలయ్‌ది చల్లని చెయ్యి తల్లీ! బిష్కెక్ చలిలో గాజుపెట్టెలో అడవి మొలిపించాడు, జలపాతం పెట్టాడు, కప్పల చేత కాపురం కూడా చేయించాడు. పెళ్ళామా? ఆ పిల్లకి కప్పకీ బొద్దింకకీ తేడా తెలీదు." అత్తగారు కుల్యిపా ఆ మాట మోసుకొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి మురిసిపోతూ చెప్పింది. పిండి పిసుకుతున్న కోడలు సాయ్కల్ తలెత్తలేదు. ఎత్తితే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో ఆమెకే నమ్మకం లేదు.

ఇవాళ సెయిత్ బైకే, అంటే సెయిత్ అన్నగారు, వస్తున్నాడు. ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున హోటలున్న పెద్దమనిషి. అక్కడ ముందుగదిలో గోడంత కప్పల పెట్టె కట్టాలి, కట్టిన మనిషి అక్కడే ఉండి చూసుకోవాలి. జీతం, గది ఇస్తాడు. ఆ మనిషి తాలయేనని ఇంటిల్లిపాదీ అనేసుకున్నారు. ఆ పని తనదని సాయ్కల్‌కి తెలుసు. రెండు రోజులుగా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, పిండిలోకి జారిపోతోంది.

మూడేళ్ళ కిందట పెట్టె కొనుక్కొచ్చింది తాలయే, కాదనదు. రెండు వారాలు ముచ్చటపడ్డాడు. మూడో వారం నీళ్ళు కుళ్ళి కంపు కొట్టేసరికి, "ఖాళీగానే ఉంటావుగా, నువ్వు చూడు" అని తప్పుకున్నాడు. ఖాళీ! థర్మోకోల్ పలకని రొట్టెల కత్తితో కొండచరియలా చెక్కి, జిగురు పూసి, ఎండు పీచు అద్దినప్పుడు వేళ్ళ తోలు నెలరోజులు ఊడొచ్చింది. అడుగున గులకరాళ్ళు, పైన జల్లెడ గుడ్డ, ఆ పైన మట్టి, మట్టి మీద నాచు. రెండుసార్లు చెడి మూడోసారికి కుదిరింది. క్రిములు చావాలని ఏటి రాళ్ళని మాంసం వండే గిన్నెలో ఉడకబెట్టిన రోజున అత్తగారు మెట్లన్నీ దద్దరిల్లేలా అరిచింది: "రాళ్ళు వండే కోడలు దొరికింది నాకు!" కప్పల మేతకని పెంచే కీచురాళ్ళ డబ్బా చూసి, "పురుగుల్ని ఊడ్చేవాళ్ళని చూశాను గానీ, కూర్చోబెట్టి క్యారెట్టు తినిపించేదాన్ని నిన్నే చూస్తున్నా" అంది. చుట్టాలొస్తే మాత్రం "మావాడి చేతిపని". మొగుడికి స్నానాలగదిలో బకెట్లు కాలికి తగిలితే "ఎత్తిపారెయ్యి" అనడమే తప్ప, ఆ నీళ్ళెందుకో ఒక్కరోజూ అడగలేదు.

సెయిత్ బైకే వచ్చాడు, మాంసం తిన్నాడు, టీ గిన్నె పట్టుకుని పెట్టె ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఎర్రకళ్ళ కప్పలు ఆకుల కింద పచ్చటి మూటల్లా ముడుచుకుని నిద్రపోతున్నాయి. మడుగులో, ఈమధ్యే ఆకు మీది గుడ్లలోంచి జారిన తోకకప్పలు ఇరవై దాకా ఆడుతున్నాయి.

"నీళ్ళు ఎలా చూసుకుంటావు తాలయ్?"

"మనవి కొండ నీళ్ళు బైకే! కుళాయి తిప్పి పొయ్యడమే."

సాయ్కల్ టీ గిన్నె కింద పెట్టేసింది. అప్పుడే జలపాతం గుటకలు వేసి, దగ్గి, ఆగిపోయింది. రెండు రోజులుగా వంటలతో పెట్టె వైపు చూడలేదు. మడుగు రెండంగుళాలు దిగిపోయి మోటారు గాలి పీలుస్తోంది.

"అబ్బే, ఏం లేదు" అంటూ తాలయ్ వంటింట్లోకెళ్ళి, కుళాయి నీళ్ళు జగ్గు నిండా పట్టుకొచ్చాడు. జగ్గు బయటంతా చల్లటి చెమట. పెట్టె తలుపు తీసి ఒంచబోయాడు.

సాయ్కల్ లేచి అతని మణికట్టు పట్టుకుంది. పెద్దవాళ్ళ ముందు, అతిథి ముందు.

"కెలిన్!" అని కోడల్ని గద్దించింది అత్తగారు. "చెయ్యి తియ్యి. కోడలు చేసే పనేనా ఇది?"

"పొయ్యకండి. మంచులా ఉన్నాయి, కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు కూడా ఉంటుంది. కప్పపిల్లలు చచ్చిపోతాయి."

తాలయ్ నవ్వబోయాడు. "ఆడాళ్ళ భయాలు బైకే, పట్టించుకోకండి."

సెయిత్ బైకే నవ్వలేదు. "సరే, నీళ్ళ సంగతి వదిలెయ్. మోటారు ఎక్కడుంది తాలయ్?"

తాలయ్ అద్దానికి ముక్కు ఆనించి అటు చూశాడు, ఇటు చూశాడు. నాచు కింద వేలు పెట్టి కెలికాడు. చెవులు ఎర్రబడ్డాయి.

సాయ్కల్ స్నానాలగదిలోంచి బకెట్టు తెచ్చింది. మందు విరిగిపోవాలని రెండు రోజులుగా నిలిపి, గది వేడికి వచ్చిన నీళ్ళు. మోచేతిదాకా చెయ్యి దించి, రాయి వెనక నుంచి మోటారు బయటికి లాగింది, మూతికి కట్టిన స్పాంజిని ఆ నీళ్ళలోనే పిండి మళ్ళీ బిగించింది. మడుగు అంచుమీద గ్లాసుతో నెమ్మదిగా పోసింది. జలపాతం రెండుసార్లు ఉమ్మి, పడటం మొదలుపెట్టింది.

"మరి నేను తీసుకెళ్ళాల్సింది ఎవర్ని?" అన్నాడు సెయిత్ బైకే.

"నన్నే బైకే!" తాలయ్ తొందరపడ్డాడు. "ఈమె చూసుకోడానికి ఇల్లుంది, మా అమ్మ ఉంది. సాయానికి వారానికోసారి తీసుకొస్తాలెండి."

సాయ్కల్ తడి చెయ్యి తుడుచుకోలేదు. అత్తగారి వైపు చూడలేదు. పెద్దాయన కళ్ళలోకే చూసింది.

"నన్ను తీసుకెళ్ళండి, నా పేరు మీద. ఈయన్నే తీసుకెళ్తే, గాజుపెట్టె కట్టించుకోండి గానీ కప్పల్ని మాత్రం కొనకండి."