పెద్దమ్మ చుట్టింది, చూడక్కర్లేదు

ముప్పై ఏళ్లుగా ఈ ప్రయోగశాలలో రాగి తీగ చుట్టలు చుట్టేది నేనే. నాది పుర్రచేతి వాటం, ముక్కు మీద కోపం. నా చుట్టకు వంక పెట్టినవాడు మళ్లీ నా గది గడప తొక్కలేదు.

మా చెల్లెలి కూతురు ఇక్కడే పరిశోధకురాలు. ఎలక్ట్రాన్లు బొంగరాల్లా తిరుగుతాయట. కుడికి తిరిగేవాటిని ఒకసారి, ఎడమకు తిరిగేవాటిని ఒకసారి పల్చటి రేకు మీదికి వదిలి, ఎన్ని చెదిరాయో లెక్కపెడుతుంది. విద్యుత్ బలానికి కుడి ఎడమల పక్షపాతం లేదని పుస్తకాలు చెబుతాయి. దీని లెక్కలో మాత్రం ఎడమవి కాస్త ఎక్కువ వస్తున్నాయి. నిజమైతే పుస్తకాలు తిరగరాయాల్సిందే. ఆ సంగతి మధ్యాహ్నం మూడింటికి పెద్దల ముందు ప్రకటించబోతోంది. పొద్దున్నుంచీ దాని కాళ్లు నేల మీద లేవు.

పదింటికి దాని దగ్గర్నుంచి స్క్రూడ్రైవర్ తెచ్చుకుందామని వెళ్లాను. గోడ మీద ఒక జాబితా ఉంది, తప్పు ఎక్కడైనా దొర్లిందేమో చూడాల్సినవి పంతొమ్మిది. పద్దెనిమిదింటికి టిక్కులు పడ్డాయి. చివరిది, ఎలక్ట్రాన్లను కుడికీ ఎడమకీ తిప్పే జంట చుట్టలను ఒకదాని చోట ఒకటి మార్చి చూడటం. దాని పక్కన టిక్కు లేదు. "పెద్దమ్మ చుట్టింది, చూడక్కర్లేదు" అని రాసి ఉంది.

ఆ జంటలో రెండోది చుట్టిన వారం నా ఎడమ మణికట్టు బెణికింది. ఇంకొకరికి ఇచ్చానా? లేదు. అలవాటు లేని కుడిచేత్తోనే కాస్త వదులుగా చుట్టి, ఎవరికీ చెప్పకుండా వార్నిష్ పూసి పంపేశాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అక్కడే నిలబడి మణికట్టు నిమురుకున్నాను. నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, కానీ రేపో మాపో ఈ పిల్ల పరువు నలుగురిలో పోతుంది.

"కుడికి తిప్పే చుట్ట నేను కుడిచేత్తో చుట్టానే. మార్చి చూడు," అన్నాను.

దాని మొహం పాలిపోయింది. వెంటనే పానా అందుకుంది. తిట్టినా బాగుండేది. ఇద్దరం కలిసి బోల్టులు విప్పి చుట్టలు మార్చాం. రెండు గంటలు లెక్కపెట్టింది. ఈసారి కుడివి ఎక్కువ వచ్చాయి, మునుపు ఎడమవి ఎంత ఎక్కువో సరిగ్గా అంతే. తేడా ప్రకృతిది కాదు, నా చుట్టది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, భోరుమన్నాను.

"ఊరుకో పెద్దమ్మా. రేపు ఇంకెవరో కనిపెట్టి ఉంటే అప్పుడు ఇద్దరం ఏడవాల్సి వచ్చేది," అని అది నా కళ్లు తుడిచింది.

మూడింటికి వేదిక ఎక్కి, నా చుట్ట సంగతి దాచకుండా చెప్పి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టింది. కలిపి చూస్తే కుడీ ఎడమా సమానం. నేను చివరి వరసలో తల దించుకుని కూర్చున్నాను.

"విద్యుత్ బలానికి కుడి ఎడమల తేడా కనపడలేదండీ," అంది తాపీగా. "మా పెద్దమ్మకి మాత్రం ఉంది."

హాలంతా ఘొల్లుమంది. నాకు ఒళ్లు మండింది, కాసేపే. తర్వాత అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మర్నాడు ఎడమచేత్తో కొత్త చుట్ట చుట్టి పట్టుకెళ్లాను. పిల్ల దాన్ని బిగిస్తుంటే గోడ దగ్గరికి వెళ్లి, పాత మాట కొట్టేసి నేనే రాశాను: "పెద్దమ్మ చుట్టింది, ముందు ఇదే చూడాలి."