మనుషులెక్కిన ఎత్తు

వెనక కమాన్ కట్టలూ, ముందు చక్రాల బుష్షులూ మార్చిన మర్నాడు పొద్దున, ముగ్గు వేద్దామని కుసుమ వాకిట్లోకి వచ్చేసరికి అంబాసిడర్ డాబా ఎత్తున నిలబడి ఉంది. చక్రాలు నేలమీదే ఉన్నాయి. బండి మాత్రం పిట్టగోడ పక్కన ఉంది.

కుసుమ ముగ్గుచిప్ప కింద పెట్టి, చక్రం నడిబొడ్డు మీద బొటనవేలు ఆనించి జాన చాపుతుంది. అక్కణ్ణుంచి మడ్‌గార్డు అంచుకి జానా బెత్తెడు ఉండాలి. అంచు ఎక్కడో మేఘాల వైపు ఉంది.

"కాస్త ఎత్తయింది," అనుకుంటుంది. బరువు మోసే కమాన్లు కొత్తలో బిర్రుగానే ఉంటాయి.

ఇవాళ బీచ్ రోడ్డులో పాత కార్ల ఊరేగింపు. మనుషులు కూర్చున్నాక ప్రతి బండినీ కొలుస్తారు. ఎత్తు కుదిరిన బండే కదులుతుంది. ఈ బండిని కుసుమ ఏ షెడ్డుకీ పంపలేదు. నైటీ మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని తనే విప్పింది, తనే బిగించింది. ఆ సంగతి అత్తగారు సింహాద్రమ్మ పాలవాడికీ, కరెంటు బిల్లు అబ్బాయికీ, దారిన పోయే కొబ్బరిబొండాల బండికీ చెప్పింది. ముందు సీట్లో తానే కూర్చుంటానంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతానంది. ఆవిడ ఎక్కలేకపోతే ఆవిడ మాటా పోతుంది, కుసుమ పనీ పోతుంది.

ఎదురింటి పట్నాయక్ గారు కొలకర్ర పట్టుకుని గేటు దగ్గరకొస్తారు. ఊరేగింపులో బండ్లు కొలిచేది ఆయనే.

"ఏటమ్మా, బండి మేడెక్కిందేటి?"

"కుదురుకుంటుందండీ."

"ముందే అన్నాను. కమాన్ కట్టంటే పోపులడబ్బా మూతనుకున్నావేటి?"

"మూత బిగించడం నీకొచ్చేటి, పట్నాయకూ?" వరండాలోంచి అంటుంది సింహాద్రమ్మ. "మీ ఆవిణ్ణి పిలువు, అడుగుదాం. మా కోడలు ఒక్క బోల్టు పరాయి చేత్తో ముట్టనివ్వలేదు."

బండి మరో ఇటుక వరస పైకి లేస్తుంది.

అప్పుడు కుసుమకి తన పొరపాటు తెలుస్తుంది. బండి జాకీ మీద ఉండగానే, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే, లోపల ఒక్క మనిషీ లేకుండా బోల్టులు బిగించేసింది. రబ్బరు బుష్షుని ఏ ఎత్తున బిగిస్తే అదే తన ఇల్లనుకుంటుంది. పైగా బిగిస్తున్నంతసేపూ అత్తగారు పక్కన పీట వేసుకుని కోడలి గొప్ప చెబుతూనే ఉంది. ఆ మాటలు రబ్బరులోకి ఇంకి అక్కడే బిగుసుకున్నాయి.

కుసుమ పానా తెచ్చి బోల్టులన్నీ వదులు చేస్తుంది. బండి దిగదు. మనుషుల కోసం చూస్తోంది.

"డాబా మీంచి ఎక్కాలి," అంటుంది కుసుమ.

"నేనెత్తుకుంటానే అమ్మా," అంటాడు కుసుమ మొగుడు గౌరీశ్వరరావు, లుంగీ ఎగ్గడుతూ.

"నిన్నెత్తి పెంచినదాన్నిరా. నువ్వు నన్నెత్తేదేటి?"

ఆవిణ్ణి చూసి మెట్లు పొడుగవుతాయి. సింహాద్రమ్మ వాటిని లెక్కచెయ్యదు. గుమ్మం పక్కన చెప్పులు విడుస్తుంది. చెప్పుల పక్కన మోకాళ్ళు కూడా విడుస్తుంది. కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, రొప్పు లేకుండా పైకెళ్ళి, పిట్టగోడ మీదుగా ముందు తలుపు తీసుకుని కూర్చుంటుంది. గౌరీశ్వరరావు ఆయాసపడుతూ వచ్చి వెనక సీట్లో కూలబడతాడు.

బండి వేలిమందం కూడా దిగదు.

"రెండు సిమెంటు బస్తాలు పడెయ్యమ్మా," అంటారు పట్నాయక్ గారు జాలిగా. "బరువు బరువే కదా."

"బస్తాలకి మా ఇంట్లో కూర్చోవడం అలవాటు లేదండీ." కుసుమ తలెత్తి కేకేస్తుంది. "అత్తయ్యా, మోకాళ్ళు తెచ్చుకున్నారా?"

"గుమ్మంలో ఉన్నాయే. దారంతా మూలుగుతాయి, ఎందుకవి?"

"మీ బరువంతా వాటిలోనే ఉంది. అవి లేకుండా కొలిస్తే దొంగ కొలతవుతుంది."

పైన సింహాద్రమ్మ ఖాళీ ఒడి తడుముకుంటుంది.

"దొంగ కొలత మనకొద్దు," అంటుంది.

"నేను తేవచ్చా మరి? మిమ్మల్ని ఎవరూ ఎత్తకూడదన్నారు."

"అవి నేను కాదు, నా సామాను. సామాను కోడలు మొయ్యొచ్చు."

గుమ్మం పక్కన మోకాళ్ళు రెండు ఇత్తడి బిందెల్లా ఉన్నాయి. కొండవాలు ఇంటికి మోసిన నీళ్ళు వాటిలో కదులుతున్నాయి. ఉయ్యాల ఊపిన రాత్రులూ, రుబ్బిన పిండీ, రేషన్ షాపు ముందు నిలబడ్డ మధ్యాహ్నాలూ అడుగున పేరుకుని ఉన్నాయి. ఈ బండి పని పట్టక ముందైతే కుసుమ వాటిని కదల్చగలిగేది కాదు. ఇప్పుడివి కమాన్ కట్టలు మోసిన చేతులు. ఆ చంకన ఒకటి, ఈ చంకన ఒకటి పెట్టుకుని, ఒక్క చుక్క తొణక్కుండా మెట్లెక్కి, కిటికీలోంచి అత్తగారి ఒళ్ళో పెడుతుంది.

బండి నిట్టూరుస్తుంది. పెళ్ళిపందిట్లో పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నట్టు తాపీగా దిగుతుంది. డాబా దాటి, వంటింటి కిటికీ దాటి, తులసికోట పక్కకొచ్చి ఆగుతుంది.

కుసుమ కిందికొచ్చి జాన చాపుతుంది. జానా బెత్తెడు. నాలుగు పక్కలా అంతే. ఇద్దర్నీ కదలొద్దని చెప్పి, కిందికి దూరి ఒక్కొక్క బోల్టే బిగిస్తుంది.

"డ్రైవరు బరువు కలిపావేటమ్మా?" వంగి అడుగుతారు పట్నాయక్ గారు.

"నా బరువు ఎప్పుడో ఇనుములో కలిసిందండీ."

బీచ్ రోడ్డు మీద బండ్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. పట్నాయక్ గారు తెల్ల చొక్కాలో వచ్చి, పొద్దున్న వీళ్ళని చూడనట్టే కొలకర్ర ఆనిస్తారు. కర్ర చివర మడ్‌గార్డు అంచుకి ముద్దు పెట్టినట్టు తగులుతుంది. రెండోసారి కొలుస్తారు. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి కొలుస్తారు.

"సరిగ్గా ఉంది. ఎవరు బిగించారు?"

జనం అంతా సింహాద్రమ్మ వైపు చూస్తారు. ఆవిడ నోరు తెరవదు. కొంగు భుజం మీదికి లాక్కుని కోడలి వైపు చూస్తుంది.

"నేనే బిగించాను," అంటుంది కుసుమ, గట్టిగా.

బండి వెంట్రుకవాసి కూడా పైకి లేవదు.

సింహాద్రమ్మ తలుపు తీసుకుని, ఒళ్ళోని మోకాళ్ళు తొడుక్కుని, వాటి మీద తనే దిగి, సముద్రం వైపు తిరిగి కళ్ళు చికిలిస్తుంది.

"ఏటే కుసుమా, ఆ సముద్రం ఎడం పక్క దిగి లేదేటి?"

కుసుమ ఒక కన్ను మూసి చూస్తుంది. నిజమే. భీమిలి వైపు జానెడు దిగి ఉంది. అక్కడ ఓడలు జారి ఒకదాని మీద ఒకటి ఒరుగుతున్నాయి.

ఆమె డిక్కీలోంచి జాకీ తీసి భుజాన వేసుకుంటుంది. జనం దారి ఇస్తారు. ఇసుకలోకి దిగి పానా చేతపట్టుకునేసరికి, సముద్రం కుచ్చిళ్ళు ఎత్తినట్టు తన అంచు పైకెత్తి పట్టుకుంటుంది. కింద తడి చీకట్లో, గ్రీజు పట్టిన పెద్ద పెద్ద బోల్టులు వరసగా ఆమె కోసం చూస్తున్నాయి.

"ముందు చేపలన్నిటినీ కూర్చోమనండి," అంటుంది కుసుమ.