నల్లబడాల్సిన పెనం

తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించమని రోజూ పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడిస్తాను. ముప్పై నాలుగేళ్ళుగా ఆ మాట దగ్గర నా నాలుక తడబడుతూనే ఉంది. పెనం సంగతి తెలిసి చేసిన తప్పా, తెలియక చేసిందా?

నేను కాపురానికి వచ్చిన కొత్త. మా తోడికోడలిని అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టింటి నుంచి ఒక పోత ఇనుప పెనం తెచ్చుకుంది. వాళ్ళమ్మ వాడిన పెనం. నల్లగా, నున్నగా ఉండేది. గుడ్డు కొట్టి వేస్తే అంచు ఎక్కడా పట్టకుండా జారి కంచంలో పడేది. వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చి అక్క వెళ్ళిన వారంలో నేను ఆ పెనం ముందేసుకుని కూర్చున్నాను. ఇసుకా ఇనుప పీచూ పెట్టి రెండు రోజులు తోమాను. తెల్లటి ఇనుము బయటపడేదాకా వదల్లేదు. మా అత్తగారు చూసి, "చిన్నదానికి ఉన్న శుభ్రం పెద్దదానికి లేదు" అంది.

ఆ మాట కోసమే తోమానా? ఏడ్చి ఏడ్చి వచ్చే మనిషికి ఇల్లు తళతళలాడుతూ కనపడాలని తోమానా? రెండూ ఉన్నాయి. ఏది ఎంత పాలో దేవుడికే తెలియాలి.

అక్క తిరిగొచ్చి పెనం చేతిలోకి తీసుకుంది. అప్పటికే అంచున ఎర్రగా తుప్పు పట్టింది. బొటనవేలితో ఒకసారి రాసి చూసి, "బాగా తోమావు" అంది. ఆ నలుపు మురికి కాదనీ, నూనే నిప్పూ కలిసి ఏళ్ళ తరబడి కట్టిన పొర అనీ అప్పుడు చెప్పింది. గొంతులో కోపం లేదు. నాకు భయం వేసింది అందుకే.

"నీకు ఇలాంటిదే ఇంకోటి కొనిపెడతానక్కా" అన్నాను.

"సరే, కొను" అని దాన్ని అటకెక్కించింది. మళ్ళీ దించలేదు. ఇల్లు మారేటప్పుడు పాత ఇనుములో పోయింది. నేను కొననూ లేదు. మొదట చేతిలో డబ్బు లేక, తర్వాత ఆ మాట ఎత్తడానికి మొహం లేక.

ఇప్పుడు బావగారు లేరు. అక్క మా దగ్గరే ఉంటోంది. కడుపులో జబ్బు. చూపు కూడా మందగించింది. కిందటి నెల డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఆవిడ ఏది అడిగితే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అక్క మాత్రం ఏదీ అడగదు. నాలుగు చెంచాల జావ తాగి గిన్నె పక్కకు నెడుతుంది. ఒకరోజు నాన్‌స్టిక్ పూత లేచిపోయిన మా పెనం మీద గుడ్డు వేసి పెట్టాను. ఒక ముక్క కొరికి ఆపేసింది.

"ఇనుప పెనం మీద వేసింది తిని ఎన్నాళ్ళయిందో" అంది, ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు నేను పాత్రల కొట్టుకు బయల్దేరుతుంటే తనూ లేచి చెప్పులు వెతుక్కుంది.

"నువ్వెందుకక్కా, ఓపిక లేకుండా?"

"నీకు తోమడం వచ్చు గానీ కొనడం రాదు" అంది.

ముప్పై నాలుగేళ్ళలో ఆ ఊసు ఎత్తడం అదే మొదలు. చెయ్యి పట్టుకుని నడిపించాను. నాలుగు చోట్ల కూర్చుని లేచాం.

కొట్టులో మొదట చూపించింది అట్టపెట్టెలో ఉన్నది. ఫ్యాక్టరీలోనే నల్లబరిచి అమ్ముతారట. ధర వినగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రెండోది రంగు రంగుల పింగాణి పూతది. అక్క గోటితో గీరి, "మళ్ళీ పూతేనా? ఇదీ లేచిపోతుంది" అంది. కింది అరలో చవకరకం బూడిదరంగు పెనాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. చేత్తో తడిమితే గరుగ్గా ఉన్నాయి. అక్క చెంచా ఇప్పించుకుని ఒక్కోదాన్నీ కొట్టి చెవి దగ్గర పెట్టుకోసాగింది.

"పెనం కొంటారా, పాటకచేరీ పెడతారా అమ్మా?" అన్నాడు కొట్టతను.

"పాడే పెనమే కావాలి నాయనా. మూలిగేవాళ్ళం ఇంట్లో ఇద్దరం ఉన్నాం, చాలు."

అతను నవ్వాడు. రెండు పెనాలు బొంగురుగా పలికాయి. "లోపల పగులుంది" అని పక్కన పెట్టేసింది. మూడోది ఖంగున మోగింది. గాజుబల్ల మీద పెట్టి అంచు నొక్కితే ఊగలేదు. ఎనిమిది అంగుళాలది, పిడికి ఎదురుగా చిన్న చెవి ఉంది.

"ఇది మరీ గరుగ్గా ఉందక్కా."

"గరుకు వాడుతుంటే పోతుంది. పగులు పోదు. చెవి కూడా ఉంది, ఎత్తడానికి ఇద్దరం ఉన్నాంగా."

ఇంటికి తెచ్చి దాని జిడ్డు వేడినీళ్ళతో కడిగాను. పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చాను. నల్లగా రావాలన్న తొందరలో ఎక్కువ రాసినట్టున్నాను, బంక కట్టింది. అక్క వేలితో తాకి, "దానికి తలంటు పోశావా? రాసిన నూనె రాయనట్టు తుడిచెయ్యాలే" అంది. గీకి మళ్ళీ మొదలుపెట్టాను. పొద్దునొక పొర, సాయంత్రమొక పొర. వంటగది నిండా పొగ. మా ఆయన దగ్గుకుంటూ బయటికి పోయేవాడు.

పెనం రోజుకు ఒక్క ఛాయ నల్లబడుతుంటే అక్క రోజుకు ఒక్క చెంచా తక్కువ తాగేది. ఏది ముందు పూర్తవుతుందో అన్న బెంగతో దేవుణ్ణి వేడుకునేదాన్ని. పెనం నల్లబడాలని ప్రార్థన చేసేది లోకంలో నేనొక్కదాన్నేనేమో.

పదిహేడో రోజు అక్కను కుర్చీతో సహా వంటగదిలోకి తెచ్చాం. గుడ్డు కొట్టి వేశాను. అంచులు లేచాయి. పెనం వంచితే ఒక మూల కొంచెం పట్టుకుని, ఆపైన జారి కంచంలో పడింది. అక్క కళ్ళు మూసుకుని వాసన చూసింది. సగం తింది. ఇన్ని రోజుల్లో అదే ఎక్కువ.

ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేననిపించింది.

"అక్కా, ఆ రోజు అత్తగారి మెప్పు కోసం కూడా తోమాను."

"కూడానా?"

"కూడా."

ఆమె చాలాసేపు నమిలింది. "తెలుసు. అమ్మ చెయ్యి తగిలిన నలుపంతా కాలవలో కలిసిందని దొడ్లో కూర్చుని ఏడ్చాను. నీ మీద ఏళ్ళ తరబడి కోపం ఉండేది."

"ఇప్పుడు?"

"నన్ను ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు కూడా కొంచెం ఉంది. ఈ పొగలో ఎక్కడో పోయినట్టుంది, చూసుకోలేదు."

నా కళ్ళనీళ్ళు చూడలేని చూపు ఆమెది. గుడ్డ అడిగి తీసుకుని పెనం తనే తుడిచింది. ఒక చుక్క నూనె వేసి అంచుల దాకా రాసింది. పిడి పట్టి ఎత్తబోయింది. నేను చెవి పట్టుకున్నాను.

"అటక మీద మాత్రం పెట్టకు. చేతికి అందేచోట పెట్టు."

పొయ్యి పక్క గట్టు మీద పెట్టాం. ఆమె బొటనవేలితో మధ్యలో ఒకసారి రాసింది, ఆనాడు రాసినట్టే.

"అప్పుడు కొంటానన్నావుగా," అంది. "సరే, అందింది."