పెద్దకోడలి భయం

కాటారంలో మణెమ్మ ఇంటి పెద్దకోడలు అహల్య. బస్సెక్కితే ఆమెకు గుండె దడదడలాడేది, చేతులు తిమ్మిరెక్కేవి, ఇప్పుడే ప్రాణం పోతుందనిపించేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి పుట్టింటి పెళ్లిళ్లు కూడా ఎగ్గొట్టింది.

చిన్నకోడలు రిషితకూ అదే భయం. ఆమె మాత్రం కాపురానికొచ్చిన కొత్తలోనే అందరికీ చెప్పేసింది. దవాఖానలో ఒక మేడం నేర్పినట్టు ముందు ఆగి ఉన్న బస్సులో ఊరికే కూర్చుని దిగేది. తర్వాత పక్క ఊరి దాకా పోయి వచ్చేది. భూపాలపల్లికి ఒంటరిగా వెళ్లొచ్చిన రోజు అత్త మణెమ్మ వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోయింది.

అహల్య కడుపు రగిలిపోయింది. ఇన్నేళ్లు నోరు మూసుకుని ఓర్చుకున్నది తను. మెప్పు మాత్రం ఏడ్చి చెప్పుకున్నదానికి. రిషిత ఊపిరి సాధన చేస్తుంటే తలుపు చాటు నుంచి చూసి తనూ నేర్చుకుంది. ఆమెను మించాలన్న పట్టుదలతో, ఒకరోజు రిషిత భూపాలపల్లికి బయల్దేరుతుంటే తనూ వస్తానంది.

అడవి మొదలయ్యేసరికి దడ పుట్టింది. అహల్య ఛాతీ నిండా గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. కళ్లు తిరిగాయి. బస్సు ఆపమని లేవబోతుంటే రిషిత చెయ్యి పట్టుకుంది.

"అక్కా, గాలి లోపలికి గుంజకు. మెల్లగ బయటికి విడువు. పాదాలు కింద ఆనించు. బయట ఏం కనబడుతున్నదో చెప్పు."

"టేకు చెట్లు... మేకలు... చచ్చిపోతున్న రిషితా."

"ఏం కాదు. జరసేపు ఉండి దడ దానంతట అదే తగ్గుతది. బస్సు దిగి ఉరికితేనే మళ్ల మళ్ల వస్తది."

కొంతసేపటికి నిజంగానే దడ తగ్గింది. అహల్యకు ఊరట కంటే ముందు ఉక్రోషం వచ్చింది. ఇది కూడా దీని చేతి మీదుగానే జరగాలా అనుకుంది.

"ఎప్పటిసంది అక్కా?"

"నువ్వు రాకముందుసంది."

"మరి చెప్పకపోతివి."

"చెప్తే నిన్ను చూసుకున్నట్టు నన్ను చూసుకుంటరా?"

"నా మీద కోపమని ఎరుకే. ఎందుకో ఇప్పుడు సమజైంది" అంది రిషిత.

ఇంటికొచ్చాక అహల్య తనే అత్తకు చెప్పింది. మణెమ్మ వింతగా చూసింది.

"ఏందే, చిన్నదాన్ని చూసి నీకు గూడ వచ్చిందా?"

అహల్య ముఖం మాడిపోయింది.

"కాదు అత్తమ్మా. అక్క భయం నాదానికంటే పాతది. అండ్ల గూడ అక్కనే పెద్దది" అంది రిషిత.

అహల్యకు నవ్వు ఆగలేదు. మరునాడు రిషిత తోడొస్తానన్నా వద్దని, పక్క ఊరి దాకా ఒక్కతే బస్సెక్కింది.