నాలుగు వేళ్ళ చెక్క

“ఆరో కోటు రుద్దేశావా? పొలెంటా అడుగంటుతోందేమో చూశావా?” షెడ్డు గుమ్మంలో నిలబడి ఈ రెండూ ఒకే ఊపిరిలో అడిగాడు మా ఆయన ఫుల్వియో. లోపలికి రాడు. తన బూట్ల దుమ్ము వార్నిష్ మీద పడుతుందని భయమట. ఆ దుమ్ము ఊడ్చేదీ నేనే, వార్నిష్ వేసేదీ నేనే, మొక్కజొన్న పిండితో ఆ పొలెంటా కలిపేదీ నేనే. రెండు చేతులతో ఉప్పు కాగితం పట్టుకుని ఉన్నాను, పొయ్యి దగ్గరికి మూడో చెయ్యి పంపమంటాడా ఏమిటి? అనలేదు. పదహారేళ్ళుగా ఇలాంటివి చాలా అనలేదు.

పడవ మా మామగారు ఒట్టావియోది. పేరు లిబెల్లులా, అంటే తూనీగ. అరవైల నాటి పందెం పడవ. వేగం అందుకుందంటే నీళ్ళని కోసుకుంటూ పోదు, నీళ్ళ పైకి లేచి పోతుంది. కోమో సరస్సు ఒడ్డున ముసలివాళ్ళు ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు. మామగారు పోయిన ఏడాదికి, సెప్టెంబరులో జరిగే పాత పడవల పండగలో దాన్ని నీళ్ళలోకి దించుతానని ఫుల్వియో బార్లో అందరి ముందూ ప్రకటించాడు. “నువ్వు కాస్త రుద్దిపెట్టు లోరే, అసలు పని నేను చూసుకుంటా” అన్నాడు. లోరే అంటే నేనే. ఆ కాస్తలోకే పాత రంగు గీకడం, పుచ్చిన పలకలు మార్చడం, వెయ్యికి పైగా స్క్రూలు పీకి కొత్తవి బిగించడం అన్నీ వచ్చేశాయి. మా నాన్న పడవల వడ్రంగి, ఆయన దగ్గర నేర్చుకున్నాను కాబట్టి చేతనైంది. అసలు పనంటే ఫోన్లు చెయ్యడం. పొద్దున పూట నేను పనిచేసే చోట పళ్ళ డాక్టరుగారు నా గోళ్ళు చూసి, “పేషెంట్లు చూస్తే బావుండదమ్మా, చేతులు బల్ల కింద పెట్టుకో” అన్నాడు. చేతులు బల్ల కింద పెట్టుకుని అపాయింట్‌మెంట్లు ఎలా రాయాలో మాత్రం చెప్పలేదు.

ఫుల్వియోని ఒక్కటే అడిగాను. “నీళ్ళలో దించాక నేనూ ఒక చుట్టు నడుపుతా.” పగలబడి నవ్వాడు. “నీ కాలు పెడల్‌కి అందదు తల్లీ. ఒడ్డున నిలబడి ఫోటోలు తియ్యి.” నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పడవలో నా చెయ్యి తగలని పలక లేదు. అది కదులుతుంటే లోపల కూర్చున్న మనిషికి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నాకు ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఇంట్లో నాకు అనుమానపు మనిషని పేరు. అనుమానమేమీ కాదు, రుద్దేది నేను కాబట్టి అన్నీ నా కంటే పడతాయి. జూన్‌లో నేల పలకలు ఎత్తితే యాక్సిలరేటర్ పెడల్ బయటపడింది. దాని మీద నాలుగు వేళ్ళ మందం చెక్క ఒకటి బిగించి ఉంది, పైన తోలు ముక్క. తోలు మీద అరిగిన గుర్తు నా అరచేతి వెడల్పు కూడా లేదు. మామగారు ఆరడుగుల పైన మనిషి, ఆయన బూట్లో మా పిల్లి పడుకునేది. ఈ చెక్క ఉంటే ఆయన మోకాళ్ళు స్టీరింగ్‌కి కొట్టుకుంటాయి. మరి ఈ కాలు ఎవరిది?

ఆడమనిషిది, ఇంకెవరిది! మామగారికి ఎవరో ఒకావిడ ఉంది. ఆవిడని సరస్సు మీద తిప్పాడు, నడపడం కూడా నేర్పాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో ముసలమ్మల మొహాలు చూడటం మానేసి కాళ్ళు చూడటం మొదలుపెట్టాను. చర్చిలో వరసలో నిలబడినా కాళ్ళే. చివరికి పోస్టాఫీసులో చేసి రిటైరైన జినేవ్రా దగ్గర నా చూపు ఆగింది. ఈ వయసులో కూడా మడమల చెప్పులు, బుల్లి పాదాలు. మామగారి పేరెత్తితే చాలు, “ఆహా, ఒట్టావియో!” అని కళ్ళు మూసుకుంటుంది. ఇంకేం కావాలి?

మా అత్తగారు ఎర్సిలియా మీద జాలేసింది. అనుమానమూ వచ్చింది. ఎందుకంటే ఆవిడ రోజూ నాలుగింటికి కాఫీ పట్టుకుని షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. పదహారేళ్ళలో నాకు కాఫీ పెట్టి ఇచ్చిన మనిషి కాదు. కప్పు నా చేతికిచ్చి, కళ్ళు మాత్రం పడవ లోపలే పెట్టేది.

“నేల పలకలు తీశావా?”

“తీశాను.”

“కింద ఏమైనా ఉందా?”

“దుమ్ముంది అత్తయ్యా.”

పెదవి బిగించి వెళ్ళిపోయేది. ఈవిడకి అంతా తెలుసు, మొగుడి గుట్టు నా కంట పడుతుందని భయం అనుకున్నాను. అసలు ఈవిడ ఎవరిని నమ్ముతుంది గనక? అల్మారాలో మామగారి వెండి కప్పులు ఏడున్నాయి, వాటిని నన్ను ముట్టుకోనివ్వదు. ప్రతి శనివారం తనే తుడుస్తుంది. కారెక్కితే కొడుకు మీద కూడా నమ్మకం లేదు. “యాక్సిలరేటర్ మలుపుకి ముందే వదలాలిరా, మలుపులో కాదు!” అని వెనక సీట్లోంచి అరుస్తుంది. జన్మలో కారు తోలని మనిషి పాఠాలు చెబుతోందని ఫుల్వియో నాకు కన్నుగీటేవాడు. నేనూ నవ్వేదాన్ని.

పండగకి పది రోజుల ముందు ఫుల్వియో ఇత్తడి రేకు ఒకటి చెక్కించుకొచ్చాడు. నడిపినది ఒట్టావియో, బాగుచేసినది ఫుల్వియో అని రాసి ఉంది. “ఇది స్టీరింగ్ పక్కన కొట్టు. పెడల్ మీద చెక్కేదో ఉందన్నావుగా, పీకి పారెయ్. నా కాలికి అడ్డం.” నా పేరేదని అడగలేదు. అడిగితే నవ్వుతాడు. ఆ నవ్వు ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు.

మర్నాడు సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని పడవలో దూరాను. ఒక స్క్రూ తీసి రెండోది తిప్పుతుంటే అత్తగారు వచ్చింది. నా చేతిలో స్క్రూ చూసి కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

“అత్తయ్యా, నాకు తెలిసిపోయింది. మీరు బాధపడకండి. ఈ కాలు జినేవ్రాదేగా?”

“జినేవ్రాదా!” అత్తగారు నోరు తెరిచింది. “అది రేవు దాటే పడవెక్కితేనే కక్కుకుంటుంది. లే, అవతలికి జరుగు.”

నేను బయటికి దిగి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. ఎనభై దాటిన మనిషి ఒక్కో కాలూ ఎత్తి లోపలికి దిగి, సీట్లో కూర్చుని, చెప్పు విడిచింది. ముప్పై అయిదో నంబరు చెప్పు, మా ఊళ్ళో చిన్నపిల్లలకి కొనే సైజు. ప్రతి చలికాలం ఆవిడకి కొనేది నేనే. ఊరందరి కాళ్ళూ చూశాను గానీ ఇంట్లో కాళ్ళు చూడలేదు. ఆవిడ పాదం తోలు మీద అరిగిన గుర్తులో సరిగ్గా కూర్చుంది.

“మొదటి ఏడే బోల్తా పడ్డాడు మీ మామ” అంది. “తర్వాత పడవ దగ్గరికొస్తే చేతులు వణికేవి. పందేనికి పేరిచ్చేశాం, ఊరంతా ఎదురుచూస్తోంది. హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఎవరున్నారో ఎవడికి తెలుస్తుంది? ఈ చెక్క ఆయనే బిగించాడు. నేను నడిపి షెడ్డులోకి తెచ్చేదాన్ని. ఆయన హెల్మెట్ చంకలో పెట్టుకుని బయటికెళ్ళి కప్పు పుచ్చుకునేవాడు.”

“ఎన్నిసార్లు?”

“మూడేళ్ళు. తర్వాత వీడు కడుపులో పడ్డాడు. నా కడుపు పెరిగింది, ఆయన రిటైరయ్యాడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన మామగారి మీద, ఏమీ తెలియకుండా నవ్వే కొడుకు మీద, శనివారం శనివారం తన కప్పులు తానే మొగుడి పేరున తుడుచుకున్న ఈవిడ మీద కూడా.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“నవ్వేవాళ్ళు.” చెప్పు తొడుక్కుంది. “తీసెయ్యమన్నాడుగా, తీసెయ్. దాని పని ఎప్పుడో అయిపోయింది.”

ఆవిడ వెళ్ళాక రెండో స్క్రూ కూడా తీశాను. చెక్క అడుగున పడవలకి వాడే బంక దట్టంగా పట్టించి, పెడల్ మీద పెట్టి, రెండు స్క్రూలూ మళ్ళీ బిగించాను. ఆ బంక ఆరిందంటే ఉలి పెట్టినా ఊడదు. ఇత్తడి రేకు మాత్రం డ్రాయర్లో పడేశాను.

ఆదివారం రేవు నిండా జనం. అత్తగారు ముందు బెంచీ మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫుల్వియో చేతులూపుతూ పడవలోకి దిగి కూర్చున్నాడు. మోకాళ్ళు స్టీరింగ్‌కి టకాల్న కొట్టుకున్నాయి. ఇటు జరిగాడు, అటు జరిగాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

“లోరే, ఆ చెక్క పీకమన్నానా లేదా?”

“అన్నావు. అతికించాను.”

“ఎవరి కోసం?”

“నా కోసం. దిగు. నా కాలు అందుతుంది.”

“పిచ్చా నీకు? అందరూ చూస్తున్నారు!” పళ్ళు బిగించి అన్నాడు. నేను కదల్లేదు.

బెంచీ మీంచి అత్తగారు లేచింది. “దిగరా” అంది, రేవంతా వినబడేలా. “అది నీ కొలత కాదు. మీ నాన్న కొలతా కాదు. అది నా కొలత.”

జినేవ్రా చేతిలో ఐస్‌క్రీం కారిపోతోంది, తుడుచుకోవడం లేదు. ఫుల్వియో తల్లి వంక చూశాడు, ఆవిడ కాళ్ళ వంక చూశాడు. నవ్వలేదు. మెల్లగా లేచి దిగాడు.

నేను కూర్చుని హెల్మెట్ పెట్టుకోబోతే అత్తగారు అంచుదాకా వచ్చి, నా మొహం అందరికీ కనబడేలా దాన్ని వెనక్కి సర్ది, పట్టీ బిగించింది.

“మలుపుకి ముందే వదలాలి. మలుపులో కాదు.”

“అలాగే అత్తయ్యా” అని పెడల్ మీద కాలు పెట్టాను. అందింది.