ఐదు ఊళ్ల రొట్టె

“ఒళ్లు శుభ్రంగానే ఉందిగా?”

ప్రతి శుక్రవారం పొద్దున నేను పిండి తొట్టి ముందు చేతులు కడుక్కుంటుంటే మా అత్తయ్య వంటింటి గడప అవతల నిలబడి ఈ మాట అడిగేది. ఆరాధనలో వాడే ఖుర్బాన్ రొట్టెను నెలసరిలో ఉన్న ఆడది తాకకూడదు. ఆ రోజుల్లో సత్ప్రసాదం కూడా తీసుకోకూడదు. ఈ పని నా మీద పడ్డ కొత్తలో నేను నిజమే చెప్పేదాన్ని. “లేదత్తయ్యా” అంటే పక్కింటావిడో ఎదురింటావిడో వచ్చి పిండి కలిపేది. తర్వాత పక్కింటావిడ బీరూట్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది, ఎదురింటావిడ చచ్చిపోయింది. ఒక శుక్రవారం “లేదు” అన్నాను. అత్తయ్య మొహం ముడుచుకుని వెళ్లి, చర్చిలో ఆరాధన చేసే గురువైన మా ఆయన్ని పంపింది. ఆయన గడప దాటి లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, “నిన్ను ఎవరు నిజం చెప్పమన్నారు? అమ్మ అడిగితే అవునను. రొట్టె లేకపోతే రేపు నేనేం పైకెత్తాలి, గోధుమపిండి సంచీనా?” అన్నాడు. కలిపాను. ఆదివారం సత్ప్రసాదం వరుసలో నేను నిలబడబోతే దూరం నుంచే కళ్లతో వద్దన్నాడు. రొట్టె చెయ్యడానికి పనికొచ్చిన ఒళ్లు దాన్ని తినడానికి ఎందుకు పనికిరాదో ఇంటికొచ్చాక అడిగాను. “తెలియనట్టు మాట్లాడకు” అన్నాడు. నిజంగానే నాకు తెలియలేదు. పదకొండేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను, ఇప్పటికీ తెలియలేదు.

అక్కార్ కొండల మీద మావి ఐదు ఊళ్లు, ఐదు చర్చీలు. ఒకప్పుడు ఊరికొక గురువు ఉండేవాడు. ముసలివాళ్లు ఒక్కొక్కరే పోయారు, పడుచువాళ్లు పనుల కోసం దిగువకు పోయారు. చివరికి బిషప్ ఐదు ఊళ్లనూ ఒకే గురువు కిందకి తెచ్చి, బళ్లో అరబిక్ పాఠాలు చెప్పుకునే మా ఆయన్ని గురువుగా ఉండమని అడిగారు. పెళ్లయినవాడు గురువు కావాలంటే పెళ్లాం ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఆ నెలంతా మా ఇల్లు జాతరలా ఉంది. ఐదు ఊళ్ల పెద్దలూ వచ్చి మా కాఫీ తాగి, “అమ్మా జుమానా, నీ ఒక్క సంతకంతో ఐదు చర్చీల గంటలూ మోగుతాయి” అని బతిమాలారు. నా జన్మలో నన్ను అంతమంది అంత మర్యాదగా అడిగింది ఆ ఒక్క నెలే. సంతకం పెట్టిన మర్నాటి నుంచి ఎవరూ ఏదీ అడగలేదు, చెప్పడమే. నసీం అని పిలిచే మనిషిని నలుగురిలో ‘అబూనా’, అంటే తండ్రీ అని, ‘మీరు’ అని అనాల్సి వచ్చింది. ఆయన శనివారం ఒక ఊళ్లో, ఆదివారం ఒక ఊళ్లో ఆరాధన చేసేవాడు. ఏ ఊళ్లో చేసినా రొట్టె నాదే. బలిపీఠం గుడ్డలు ఉతకడం, ఎవరైనా పోతే నలభయ్యో రోజుకి గోధుమలు ఉడికించడం, చర్చి నేల కడగడం, ఆయన్ని చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ కాఫీ కలపడం, అన్నీ నావే. “ఖూరియ్యెవి కదమ్మా, నువ్వు కాక ఎవరు చేస్తారు?” అనేవారు. గురువు పెళ్లాన్ని మావాళ్లు అలాగే పిలుస్తారు. నా పేరు మా అమ్మ ఫోన్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ముప్ఫై తొమ్మిదేళ్లకు మళ్లీ నెల తప్పాను. మా మీర్నా పుట్టిన పదకొండేళ్లకు. సిగ్గనిపించింది, తర్వాత సంతోషం వేసింది, ఆ తర్వాత రోజూ పొద్దున్నే నవ్వొచ్చేది, ఎందుకో తెలియకుండానే. పట్నంలో డాక్టరమ్మ చూసి, బరువులెత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అని చెప్పింది. ఆ మాట మా ఆయనకి చెప్తే వేళ్ల మీద లెక్కేసుకుని, “తఖ్లా పండగ అయిపోనీ, తర్వాత నువ్వు మంచం దిగక్కర్లేదు” అన్నాడు. ఆ ఏడు పునీతురాలు తఖ్లా పండగ ఐదు ఊళ్లూ కలిసి చేసుకునే మొదటి పండగ. మేం సయ్యిద్నా అని పిలిచే బిషప్ వస్తున్నారు. ఇంటికొక రొట్టె చొప్పున రెండు వందల పైచిలుకు రొట్టెలు కావాలి. మా పొయ్యి చిన్నది కాబట్టి మూడు రోజుల ముందు నుంచీ మొదలుపెట్టాలి.

గురువారం మధ్యాహ్నం రెండో తొట్టి పిండి పొంగుతోంది. నేను ముద్రచెక్కతో రొట్టెల మీద గుర్తు వేస్తున్నాను. నడుములో ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టయింది. కాళ్ల మధ్య వెచ్చగా తగిలింది. చూసుకోవాల్సిన పని లేదు, తెలిసిపోయింది. మీర్నాని కేకేసి వాళ్ల నాన్నను పిలవమన్నాను.

ఆయన వచ్చాడు. నా మొహం చూశాడు, నేల చూశాడు, తర్వాత పిండి చూశాడు.

“నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లు” అన్నాను.

“వ్యాను కుర్చీల కోసం కింది ఊరికి వెళ్లింది, జుమానా. గంటలో వస్తుంది.”

“ఇంకెవరి కారైనా అడుగు.”

“అడిగితే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను?” అని, గొంతు తగ్గించి, “పిండి పొంగింది. ఇప్పుడు వదిలేస్తే అణగిపోతుంది, మళ్లీ కలపడానికి టైము లేదు. కూర్చునే గుర్తు వెయ్యి. స్టూలు తెస్తానుండు” అన్నాడు.

స్టూలు తెచ్చాడు. అబద్ధం చెప్పకూడదు, మెత్తగా ఉంటుందని దాని మీద తువ్వాలు కూడా మడిచి వేశాడు. నేను కూర్చుని నలభై రొట్టెల మీద గుర్తు వేశాను. ఎందుకు వేశానని ఇప్పుడు నన్ను నేనే అడుగుతాను. లేచి వీధిలోకి నడిచి ఎవరి కారుకైనా అడ్డంగా నిలబడాల్సింది. కానీ పదకొండేళ్ల అలవాటు చేతుల్లోకి దిగిపోయింది. ఒళ్లు ఒకటి చెప్తుంటే చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోయాయి. వ్యాను వచ్చేసరికి గంట కాదు, రెండు గంటలు దాటింది. ఆసుపత్రిలో చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. “ముందే వచ్చి ఉంటే?” అని అడిగాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఏమో తల్లీ, నిలిచేదని చెప్పలేను, నిలిచేది కాదని కూడా చెప్పలేను” అంది. ఆమె అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండేది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి తెచ్చారు. అత్తయ్య నన్ను పడుకోనివ్వలేదు. “ముందు ప్రార్థన చదివించు నాయనా. అది చదవకుండా ఈ ఇంట్లో తిరగకూడదు” అంది. కడుపు పోయిన ఆడదాని మీద చదివే ప్రార్థన ఒకటి ఉంది. అందులో ఆమెను హత్యలో పడినదిగా, తెలిసో తెలియకో ప్రాణం తీసినదిగా చెప్పి, క్షమించమని దేవుణ్ణి అడుగుతారు. నాకు తెలుసు. ఎవరికో చదువుతుంటే పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాను ఒకసారి, పెద్దగా వినకుండానే. ఇప్పుడు నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, గురువుగా తన మెడలో వేసుకునే పట్టు పట్టీ కొస నా నెత్తిన కప్పి మా ఆయన చదివాడు. బళ్లో పాఠాలు చెప్పిన మనిషి, అక్షరం అక్షరం ముత్యంలా పలుకుతాడు. ఆ మాట దగ్గరకొచ్చినప్పుడైనా గొంతు తగ్గిస్తాడేమో, మింగేస్తాడేమో అని ఎదురుచూశాను. మింగలేదు. పట్టు కింద చీకట్లో నాకు స్టూలు మీద మడిచిన తువ్వాలు కనిపించింది. ఆ తువ్వాలు మడిచినవాడి కోసం ఏ ప్రార్థనా లేదు.

అయిపోయాక, “నలభై రోజులు చర్చి గడప తొక్కకూడదు, నీకు తెలుసుగా” అన్నాడు. తెలుసన్నాను. కాసేపు అక్కడే తచ్చాడి, “అరవై రొట్టెలు తక్కువున్నాయి. రేపు నెమ్మదిగా, ఓపిక ఉన్నప్పుడే... ఎవరికీ తెలియక్కర్లేదు” అన్నాడు.

ఆయన వెళ్లాక మీర్నా తలుపు చాటు నుంచి వచ్చింది. నా పక్కన కూర్చుని, చాలాసేపు నా గాజుల్ని అటూ ఇటూ తిప్పి, “అమ్మా, ఎవర్ని చంపావు?” అంది.

శనివారం ఆయన పిండి సంచీ విప్పిపెట్టాడు, లేచి అరవై రొట్టెలు చేశాను.

ఆదివారం చర్చి వెనక పెరట్లో పెద్ద గుండిగల్లో హరీసె ఉడుకుతోంది. గోధుమా మాంసమూ కలిసేదాకా కలియబెడుతూ ఉండాలి. లోపలికి వెళ్లకూడనిదాన్ని కాబట్టి ఆ తెడ్డు నా చేతికిచ్చారు. మైకులో ఆరాధన వినిపిస్తోంది. నేను చేసిన రొట్టెను పైకెత్తి చూపిస్తూ చదివే మా ఆయన గొంతు విన్నాను. భోజనాల దగ్గర బిషప్ లేచి పందిరి వేసినవారికి, గంట బాగు చేయించినవారికి, గొర్రెలిచ్చినవారికి పేరుపేరునా దీవెనలు చెప్పారు. ఆయన మంచి మనిషే, మెల్లగా మాట్లాడతారు. చివర్లో ఒక రొట్టె చేతిలోకి తీసుకుని, “ఇంత చక్కటి రొట్టె ఈ కొండ మీద ఎవరు చేశారు?” అన్నారు.

మా ఆయన తడుముకోలేదు. “మా అమ్మాయి, సయ్యిద్నా. చిన్నపిల్ల, నిర్మలమైన చేతులు” అన్నాడు.

అందరూ మీర్నా వైపు చూసి చప్పట్లు కొట్టారు. అది తల దించుకుంది. పదకొండేళ్ల పిల్ల ఆ చప్పట్ల మధ్య అబద్ధాన్ని మొయ్యడం నేర్చుకుంటోంది. తెడ్డు గుండిగలో వదిలేసి ముందుకు నడిచాను.

“నేను చేశాను సయ్యిద్నా. గురువారం నా కడుపు పోయింది. నెత్తురు కారుతుండగా నలభై, మర్నాడు హంతకురాలినని చదివించుకుని, ఆ మర్నాడు అరవై. అబూనాకి తెలుసు. పిండి సంచీ విప్పింది ఆయనే.”

చప్పుడు ఆగిపోయింది. ఎవరో నోట్లో ముద్దని రుమాలులోకి ఊశారు. మా ఆయన తెల్లబోయిన మొహంతో, ఎంతో ప్రేమగా, “మూడు రోజులుగా నిద్ర లేదు సయ్యిద్నా. మనసు చెదిరింది. ఏం మాట్లాడుతోందో తనకే తెలియదు” అన్నాడు. బిషప్ నా వైపు జాలిగా చూసి, “పాపం, అలసిపోయింది. ఇంట్లో పడుకోబెట్టండమ్మా” అన్నారు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి రెండు జబ్బలూ పట్టుకున్నారు. మా వెనక మళ్లీ ప్లేట్లు కదిలిన చప్పుడు వినిపించింది. నా నిజాన్ని తిప్పికొట్టడానికి వాళ్లకి ఒక్క నిమిషం పట్టింది. ఎవరూ నా మీద అరవలేదు కూడా.

మంగళవారం ఇమ్ ఇల్యాస్ వచ్చింది. ఐదు ఊళ్లలోకీ పెద్ద ముత్తైదువ, చర్చిలో ఆడవాళ్ల మీద పెత్తనమంతా ఆవిడదే. నెలసరి దాచి వరుసలో నిలబడిందని ఒక పిల్లను రెక్క పట్టుకుని బయటికి లాగిన మనిషి. తిట్టడానికొచ్చిందనుకున్నాను. కోడిరసం గిన్నె నా ముందు పెట్టి, వీధి తలుపు మూసొచ్చి కూర్చుంది.

“నాకు నాలుగుసార్లు చదివారే ఆ ప్రార్థన. నాలుగోసారి మా ఆయన కొడితే పోయింది. దానికీ అదే చదివారు” అంది.

“ఎవరికీ చెప్పలేదా?”

“ఎవరికి చెప్పనే? అందరూ చదివించుకున్నవాళ్లే. రొట్టె సంగతా? నెలసరిలో ఉండి కూడా ‘అవును, శుభ్రమే’ అని చెయ్యని ఆడది ఈ కొండ మీద ఎవరున్నారు? మీ అత్త చెయ్యలేదూ!” అని, కన్ను తుడుచుకుని లేచింది. “తాగు. నేనొచ్చినట్టు ఎక్కడా అనకు.”

ఆ శుక్రవారం అత్తయ్య నన్ను ఏమీ అడగలేదు. స్టూలు తొట్టి దగ్గరికి లాగి మీర్నాని దాని మీద ఎక్కించింది. “అది ఇంకా పెద్దమనిషి కాలేదు. ఇకనుంచి అదే చేస్తుంది” అంది. మీర్నా చేతులు మోచేతుల దాకా పిండిలో ముంచి నా వైపు చూసింది. నేను వెళ్లి దాని చేతులు ఒక్కొక్కటీ పైకి తీశాను. వేళ్ల సందుల్లో పిండి కూడా పోయేదాకా కుళాయి కింద కడిగాను. తొట్టెడు పిండిని పెరట్లో కోళ్లకు వేశాను. అత్తయ్య గుండె బాదుకుని అరిచింది. మా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

“ఆదివారం నేనేం చెయ్యను?” అన్నాడు.

“నీ చేతులకి నెలసరి రాదుగా” అన్నాను.

ఆయనకి పిండి కలపడం రాదు. రెండు గంటలు ప్రయాణం చేసి మఠం నుంచి రొట్టె అడిగి తెచ్చుకున్నాడు.

ఆదివారం నేను తలంటు పోసుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మీర్నా చెయ్యి పట్టుకుని చర్చిలోకి వెళ్లాను. నలభై రోజుల్లో పది గడిచాయి. ఆడవాళ్లు జరిగి నా చుట్టూ చోటు వదిలారు. సత్ప్రసాదం వేళకు వెళ్లి వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. మా ఆయన చేతిలో ద్రాక్షరసంలో నానిన రొట్టె ముక్కల గిన్నె, నోట్లో పెట్టే చెంచా. “జుమానా, వద్దు” అన్నాడు పెదవులు కదలకుండా. నోరు తెరిచి నిలబడ్డాను. ఆయన చెంచా గిన్నెలోనే ఆపి, నా భుజం మీదుగా వెనకున్న మనిషిని రమ్మని చూశాడు. రావాలంటే ఆవిడ నన్ను దాటాలి. నేను దారిలోనే ఉన్నాను. పాట పాడేవాళ్లు అదే చరణాన్ని మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ ఎత్తుకున్నారు.

“జరగవే, సిగ్గులేనిదానా” అని వెనక నుంచి నా వీపు మీద పొడిచిందెవరో గొంతును బట్టి గుర్తుపట్టాను. ఇమ్ ఇల్యాస్.

నేను జరగలేదు.